కట్ల తాత, మేడ మీద తాత

పిల్లల ఆస్పత్రిలో కాలిన గాయాల వార్డుకి చివర్న ఒక గది ఉంది. తలుపు మీద ఏమీ రాసి ఉండదు. అయినా వార్డులో ఉన్న రెండేళ్ళ పిల్లకి కూడా అదేమిటో తెలుసు. పాత కట్టు విప్పి, పుండు కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టేది అక్కడే. ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషిని పెద్దవాళ్ళు కట్లాయన అంటారు, పిల్లలు కట్ల తాత అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఇంకెక్కడా దాని అవసరం పడలేదు.

ఆయన మొదట ఆ ఆస్పత్రిలో నేలలు తుడిచే పనికి చేరాడు. అప్పట్లో కట్లు కట్టే ముసలాయన ఒకరుండేవారు. ఓ రోజు ఆయనకి చెయ్యి సాయం కావాల్సివచ్చి, తుడుస్తున్నవాణ్ణి పిలిచి ఒక పిల్లాడి కాలు పట్టుకోమన్నారు. పట్టుకున్న తీరు చూసి, "నీ చేతులు పట్టుకుంటున్నాయి గానీ నొక్కడం లేదురా. ఇలాంటి చేతులు చీపురుకి ఇవ్వకూడదు" అన్నారు. అలా చీపురు పోయి కత్తెర వచ్చింది.

పని బాగా వచ్చింది. ఆ పనితోపాటు వచ్చేదేమిటో మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. డాక్టరు మందిస్తాడు, నర్సమ్మ బుగ్గ గిల్లుతుంది, వంటావిడ పాలు తెస్తుంది. నొప్పి పెట్టేవాడు ఒక్కడే, కట్లు కట్టేవాడు. కట్టు విప్పడానికి అరగంట ముందు నొప్పి మందు వేస్తారు, గుడ్డ అంటుకోకుండా నీళ్ళతో నానబెడతారు, అయినా నొప్పి నొప్పే. పిల్లలు ఇంటికి వెళ్ళాక డాక్టరునీ నర్సునీ మరిచిపోతారు. ఆయన్ని మాత్రం మరిచిపోరు. ఒకసారి చెప్పుల కొట్లో ఒక తల్లి ఆయన్ని చూసి, "మా వాణ్ణి బతికించింది ఈయనే!" అంటూ ఎదురొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకున్న ఎనిమిదేళ్ళ వాడు ఆ మొహం చూసి నిలుచున్నచోటే లాగు తడుపుకున్నాడు. అప్పటినుంచి దారిలో తెలిసిన పిల్లలెవరైనా కనిపిస్తే ఆయనే రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోతాడు.

పెళ్ళయింది గానీ నిలవలేదు. ఆయన రోజంతా ఆ గదిలో పిల్లలతో మాట్లాడుతూనే ఉంటాడు. కట్టు విప్పుతున్నంతసేపూ ఏనుగు కథలూ ఎలుక కథలూ ఏవో ఒకటి చెబుతూనే ఉండాలి, లేకపోతే పిల్లల దృష్టంతా పుండు మీదే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి మాటలన్నీ అయిపోయేవి. "గోడతో కాపురం చేస్తున్నట్టుంది. గోడైనా నయం, ఆనుకోవడానికి పనికొస్తుంది" అంది భార్య ఆరో ఏడు. నిజమే కదా అనుకున్నాడు గానీ, ఆ ముక్క కూడా పైకి అనలేదు. ఆవిడ అన్నగారింటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ ఒంటికాయ సొంఠికొమ్ములా ఒక మేడ మీది గదిలో ఉంటున్నాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీకి ఎదురుగా ఒక కుర్చీ. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్ళి, సాయంత్రం నాలుగున్నరకి వస్తాడు. సెలవు రోజున బట్టలు ఉతుక్కుంటాడు.

కింద వాటాలో ఒక కుటుంబం వచ్చి చేరింది. తల్లి బట్టల కంపెనీలో బొత్తాలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. తండ్రి లారీతోపాటు ఊళ్ళు తిరుగుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇంట్లో ఉండేది నాయనమ్మా, నాలుగేళ్ళ మనవరాలూ. ఆ పిల్ల నోరు ఆగదు, బావి గిలకలా కీచుకీచుమంటూ తిరుగుతూనే ఉంటుందని నాయనమ్మ దానికి గిలక అని పేరు పెట్టింది.

గిలకకి ఆయన ఏం పని చేస్తాడో తెలియదు. వాళ్ళు వచ్చిన మూడో రోజునే మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ గుమ్మంలో నిలబడి, "నువ్వు మేడ మీద తాతవా?" అని అడిగింది.

"అలాగే ఉన్నాను" అన్నాడాయన.

"మీ అమ్మ ఏది?"

"నేను పెద్దవాణ్ణయిపోయాను కదా. అమ్మ అయిపోయింది."

"బిస్కెట్లు అయిపోయినట్టా?"

"ఆఁ, అలాగే."

పిల్ల కాసేపు ఆలోచించి, "అన్నీ నువ్వే తినేసి ఉంటావు" అంది.

ఆయన చాలా ఏళ్ళ తరవాత పైకి నవ్వాడు. ఆ రోజునుంచి సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి గిలక పైమెట్టు మీద కూర్చుని ఉండేది. ఎవరింట్లో పిల్లి పిల్లల్ని పెట్టిందీ, నాయనమ్మ కళ్ళజోడు ఎక్కడ దొరికిందీ, ఎవరు ఎవర్ని తిట్టిందీ అన్నీ చెప్పేది. ఆయన చెప్పులు విప్పుకుంటూ ఊఁ కొట్టేవాడు. తన మొహం చూసి పారిపోని పిల్ల ఒకర్తి ఉండడం ఆయనకి కొత్త. ఆ కొత్తదనం తగ్గకుండానే ఏడాది గడిచిపోయింది.

ఒక సెలవు రోజున, పొద్దున్న పది దాటాక, ఆయన మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నాడు. కింద ఏదో గిన్నె పడ్డ చప్పుడైంది. తరవాత ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత కేక వినపడింది. అది పడ్డ పిల్ల ఏడుపు కాదు, దెబ్బ తిన్న పిల్ల ఏడుపూ కాదు. ఆయన చేతిలో దుప్పటి అక్కడే వదిలేసి మెట్లు దిగాడు.

పొయ్యి మీదనుంచి అప్పుడే దించి గట్టు మీద పెట్టిన పాలగిన్నెని గిలక అంచు పట్టుకుని లాగింది. కుడిచెయ్యి వేళ్ళనుంచి మోచేతి దాకా, గౌను ముందు భాగమంతా పాలు. నాయనమ్మ ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చేత్తో పళ్ళు తోముకునే పేస్టు గొట్టం మూత నోటితో తీస్తోంది. పక్కింటావిడ ఐసు ముక్కల గిన్నెతో పరిగెత్తుకొచ్చింది.

"రాయకక్కా!" అన్నాడాయన. ఆయన గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిల్లని ఎత్తుకుని వెనక వసారాలోకి తీసుకెళ్ళి కుళాయి తిప్పాడు. కత్తెర తెమ్మని, పాలతో తడిసిన గౌనుని వెనకవైపు నిలువునా కోసి తీసేశాడు. తడిగుడ్డ ఒంటి మీదున్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది. చూపుడువేలికి సంతలో కొన్న రేకు ఉంగరం ఒకటి ఉంది. వేలు వాస్తే అది దిగదు. ధార కింద మెల్లగా తిప్పుతూ దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. చెయ్యి కుళాయి కింద పెట్టి, రొమ్ము మీద చెంబుతో నీళ్ళు జారవిడుస్తూ కూర్చున్నాడు.

"చన్నీళ్ళు పోస్తే బొబ్బలు పొంగుతాయి తమ్ముడూ! చీము పడుతుంది! పిల్ల వణుకుతోంది చూడు!" నాయనమ్మ ఏడుస్తూ ఆయన భుజం మీద కొట్టింది.

"పొడి దుప్పటి తెచ్చి కాళ్ళకీ వీపుకీ చుట్టక్కా. వేడి ఇంకా లోపల ఉంది, అది లోతుకి పోతూనే ఉంటుంది. నీళ్ళు తప్ప దాన్ని ఇంకేదీ లాగదు." తరవాత గొంతు తగ్గించి, "గోడ మీది గడియారం తీసి పట్టుకో. ఇరవై నిమిషాలు అయ్యాక చెప్పు. ఆ పని నీది" అన్నాడు.

ఐసు తెచ్చిన పక్కింటావిడతో, "అది చర్మాన్ని ఇంకా పాడుచేస్తుందమ్మా. మీరు అంబులెన్సుకి ఫోను చెయ్యండి" అన్నాడు.

పని దొరికేసరికి నాయనమ్మ ఏడుపు కాస్త సర్దుకుంది. గడియారం గుండెకి హత్తుకుని పక్కనే కూలబడింది.

"ఎంతయింది?"

"నాలుగు నిమిషాలు."

"నాలుగేనా?" అన్నాడాయన.

కుళాయి సన్నగా వస్తోంది. గిలక ఎడమచేత్తో ఆయన మెడ పట్టుకుని వేలాడుతోంది. "తాతా, చాలు తాతా, చలేస్తోంది తాతా" అంటోంది. ఆయన దాని చెవిలో ఏనుగు స్నానం చేసిన కథ చెబుతున్నాడు. ఏనుగు ఒళ్ళంతా తడవడానికి ఎంతసేపు పడుతుందో చెబుతున్నాడు. ముందు తొండం, తరవాత ఒక చెవి, తరవాత రెండో చెవి. తోక దాకా వచ్చేసరికి నాయనమ్మ, "ఇరవై!" అంది.

ఉతికి ఆరేసిన పల్చటి నూలుగుడ్డని చెయ్యి మీద వదులుగా కప్పాడు. పిల్లని పొడి దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాడు. అంబులెన్సు వీధి మలుపులో వినపడుతోంది.

ఆస్పత్రిలో అత్యవసర విభాగం డాక్టరమ్మ ముందు నొప్పి మందు వేసి, తరవాతే చెయ్యి చూసింది. గిలక అరచేతితోనే కాలిన చోటు కొలిచింది. అయిదు అరచేతులంత ఉంది. "ముంజేయీ రొమ్మూ పైపైనే కాలాయి, మచ్చ కూడా పెద్దగా ఉండదు. వేళ్ళ వెనక భాగమే లోతు. మూడు వారాలు దాటినా మానకపోతే తొడ మీది చర్మం తీసి అతకాలి" అంది. తరవాత, "వెంటనే నీళ్ళు పోసింది ఎవరు?" అని అడిగింది. నాయనమ్మ గడియారం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. ఆ గడియారంతోనే ఆయన్ని చూపించింది.

మర్నాడు మొదటి కట్టు మార్చాలి. పెద్ద నర్సమ్మ ఆయన్ని పక్కకి పిలిచింది. "మీ ఇంటి కింది పిల్లట కదా. మీకు కష్టమైతే కట్లు కట్టే ఆ రెండో ఆయనతో కట్టిస్తాను."

రెండో ఆయన చెడ్డవాడు కాదు, తొందరవాడు. కాలిన వేళ్ళకి విడివిడిగా కట్టు కట్టాలి. ఒక్కో వేలికీ ఒక్కో చుట్టు, మధ్యలో మందుగుడ్డ. ఆ ఓపిక లేకపోతే పక్కపక్క వేళ్ళు కలిసిపోయి మానతాయి. తరవాత వాటిని కోసి విడదీయాలి. అలా బాతు పాదంలా అతుక్కున్న చేతులు ఆయన చాలా చూశాడు. గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు.

"నేనే కడతానమ్మా" అన్నాడు.

కంపెనీ నుంచి సెలవు పెట్టి వచ్చిన తల్లి గది బయట నిలబడి ఉంది. "లోపల ఉండేది నేనని పిల్లకి చెప్పకమ్మా" అని ఆమెని అడిగాడు.

"ఎందుకు బాబాయ్‌గారూ? మీరని తెలిస్తే ఏడవదేమో."

"తెలిసినా ఏడుస్తుందమ్మా. తెలిసి ఏడ్చిందంటే ఇంక..." ఆ మాట అక్కడే వదిలేసి మూతికి గుడ్డ కట్టుకున్నాడు. టోపీ నుదుటి మీదకి లాక్కున్నాడు. పచ్చ కోటు తొడుక్కున్నాడు. కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

గొంతు తెలిసిపోతుందని ఆయన ఆ రోజు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ గదిలో కథ లేకుండా కట్టు విప్పాడు. కథలు నర్సు చెప్పింది గానీ, ఆమెకి ఏనుగుని ఎక్కడ ఆపాలో తెలియలేదు. గిలక గది అదిరేలా అరిచింది. "వద్దు! పోరా! మేడ మీద తాతని పిలవండి! మా తాత వస్తే నిన్ను తంతాడు!" ఆయన తల దించుకుని చిటికెనవేలు చుట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రం డ్యూటీ అయ్యాక కోటూ టోపీ తీసేసి, మొహం కడుక్కుని, తన చొక్కాతో వార్డులోకి వెళ్ళాడు. గిలక మంచం మీద చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉంది. ఆయన్ని చూడగానే ఎడమచెయ్యి చాపింది.

"తాతా, ఇక్కడ ఒక కట్ల తాత ఉన్నాడు. వాడు చెడ్డవాడు. మాట్లాడడు కూడా."

"అలాగా?"

"వాణ్ణి కొట్టు."

"కొడతాను."

రెండు రోజుల తరవాత మళ్ళీ కట్టు మార్చారు. మళ్ళీ సాయంత్రం వెళ్ళాడు. "కొట్టావా?" అంది గిలక.

"కొట్టాను."

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"ఎంతసేపు?"

"చాలాసేపు" అన్నాడాయన. గిలక తృప్తిగా బత్తాయి తొన నోట్లో పెట్టించుకుంది.

అలా రోజు విడిచి రోజు నాలుగు కట్లు అయ్యాయి. పొద్దున్న పూట తిట్లు, సాయంత్రం ముద్దులు. ఆయన రెండూ తీసుకున్నాడు. ఇంటికి వెళ్ళి, పైమెట్టు ఖాళీగా ఉంటే దాన్ని దాటుకుని లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు.

అయిదో కట్టు రోజున చూపుడువేలి దగ్గర గుడ్డ కాస్త అంటుకుంది. ఎంత నానబెట్టినా ఆఖరి అంచు రాలేదు. లాగక తప్పలేదు. గిలక నోరు తెరిచింది గానీ కేక రాలేదు. ఊపిరి బిగబట్టింది. చిన్నపిల్లలు కొందరు నొప్పికి అలా చేస్తారు. పెదవులు నీలంగా మారుతున్నాయి. నర్సు వీపు నిమురుతోంది, పేరు పెట్టి పిలుస్తోంది. ఫలితం లేదు.

ఆయన ఆలోచించలేదు. "గిలకా! ఊపిరి వదులు తల్లీ. వదులు... ఆఁ, ఇంకా... ఇంకోటి తీసుకో" అన్నాడు.

పిల్ల ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంది. రంగు తిరిగి వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు. టోపీకీ మూతిగుడ్డకీ మధ్యనున్న ఆయన కళ్ళలోకి చూసింది.

"నువ్వా?" అంది.

ఆయన తలాడించాడు. ఇంకా రెండు వేళ్ళు మిగిలాయి. అవి కట్టినంతసేపూ గిలక చెయ్యి లాక్కోలేదు, అరవలేదు, నర్సు వైపు కూడా తిరగలేదు. ఆ గదిలో ఎన్నో ఏడుపులు విన్న మనిషికి, ఆ నిశ్శబ్దంలో మొదటి ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు.

ఆ సాయంత్రం వార్డులోకి వెళ్ళేసరికి గిలక మంచం మీద అటు తిరిగి పడుకుంది. నాయనమ్మ, "తాతొచ్చాడే" అంది. పిల్ల కదలలేదు. ఆయన తెచ్చిన బత్తాయి బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

మిగతా కట్లకి ఆయన మూతిగుడ్డ కిందనుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. ఏనుగునీ ఎలుకనీ అందర్నీ పిలిచాడు. గిలక పైకప్పు చూస్తూ పడుకునేది. పద్దెనిమిదో రోజుకి చర్మం అతకాల్సిన అవసరం లేకుండానే వేళ్ళు మానాయి. అయిదూ విడివిడిగానే ఉన్నాయి. డాక్టరమ్మ ఒక్కో వేలూ వంచి చూసి, ఆయన వైపు చూసి తలపంకించింది. ఆ పనికి అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు. ఆయనకి అది చాలాసార్లు దక్కింది. ఈసారి దాన్ని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఉన్న మనిషి అయిదేళ్ళది, ఆయనతో మాట్లాడటం లేదు.

గిలక ఇంటికి వచ్చింది. మెట్లు మాత్రం ఎక్కలేదు. ఆయన గేటు తీసిన చప్పుడు వినగానే కీచుకీచుమంటున్న గొంతు టక్కున ఆగిపోయేది. ఆయన మెట్లెక్కి తలుపు వేసుకున్నాక మళ్ళీ మొదలయ్యేది. అది విని ఆయన ఇంటికి వచ్చే వేళ మార్చుకున్నాడు. ఒక బస్సు వదిలేసి, ఆస్పత్రి ఎదురుగా బెంచీ మీద కూర్చుని, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ వేళకి పిల్ల లోపల అన్నం తింటూ ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఒకరోజు నాయనమ్మ పైకి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో ఆవిడ ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. "దానికి బుద్ధి చెబుతాను తమ్ముడూ. నువ్వు లేకపోతే ఆ చెయ్యి ఏమయ్యేది? చెవి పట్టుకుని తీసుకొచ్చి నీకు దణ్ణం పెట్టిస్తాను."

"వద్దక్కా" అన్నాడాయన. "దానికి తెలిసినది నిజమేగా. నొప్పి పెట్టింది నేనే. పైగా అబద్ధం కూడా చెప్పాను."

"అబద్ధమేంటి?"

"వాణ్ణి కొట్టానని చెప్పాను."

నాయనమ్మ కుర్చీలో కూర్చుంది. ఆ గదిలో రెండో మనిషి కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదని అప్పుడు గమనించింది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు. వెళ్ళేముందు ఆవిడ, "ఆ రోజు నేను పేస్టు రాసేదాన్నే" అంది. "మా అమ్మ రాసేది. నాకు తెలిసింది అదే."

"అందరికీ తెలిసింది అదే అక్కా."

ఆవిడ దాన్ని అక్కడితో వదల్లేదు. వీధిలో పసిపిల్లలున్న ఇంటికల్లా వెళ్ళి, మందులు పూయొద్దు, ఐసు పెట్టొద్దు, కుళాయి కింద పెట్టి గడియారం చూడండి అని చెప్పడం మొదలుపెట్టింది. "మూడు నిమిషాలు చాలనిపిస్తుంది. చాలదు. నేను చూశాను" అనేది. ఎవరైనా నవ్వితే, "నవ్వండి, నేనూ మనిషి భుజం మీద కొట్టాను" అనేది. ఆ ఏడు ఆ వీధినుంచి వచ్చిన ఒక పిల్లాడి కాలు చూసి, "ముందే నీళ్ళు పోశారే!" అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయిందని ఆయన ఆవిడకి చెప్పాడు. ఆవిడ రెండు రోజులపాటు ఆ సంగతే అందరికీ చెప్పింది.

వానాకాలం వెళ్ళింది. గిలక బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక పొద్దున్న ఆయన ఏడింటి బస్సుకని మెట్లు దిగుతుంటే కింది వాటా తలుపు సందుగా తెరిచి ఉంది. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"బాబాయ్‌గారూ, ఒక్క నిమిషం. చెయ్యి ఒకసారి చూస్తారా? పలక పట్టుకుంటే లాగుతోందంటోంది." లోపలికి తిరిగి, "చూపించవే" అంది.

తరవాత తలుపు వెనకనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. చెయ్యి ఒక్కటే, మనిషి రాలేదు. ఆయన సంచీ కింద పెట్టి, మెట్టు మీద గొంతుక్కూచున్నాడు. ముట్టుకోలేదు.

"పిడికిలి బిగించు" అన్నాడు.

చెయ్యి ముడుచుకుంది.

"విప్పు."

వేళ్ళు విచ్చుకున్నాయి. వెనకవైపు చర్మం లేత గులాబీ రంగులో, కాస్త నిగనిగలాడుతూ ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. అంత చూడాల్సిన అవసరం లేదు.

"బాగుంది" అన్నాడు. "బొటనవేలి మొదట్లో కొద్దిగా బిగుసుంది, అంతే. కొబ్బరినూనె రాసి రోజుకి రెండుసార్లు అక్కడ మెత్తగా రుద్దమ్మా. వేలు వెనక్కి వంచి పది లెక్కపెట్టు."

చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది. వెనకాల చిన్న అడుగుల చప్పుడు వంటింటి వైపు పరిగెత్తింది. తల్లి నొచ్చుకుంటూ ఏదో అనబోయింది. ఆయన ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి సంచీ అందుకున్నాడు.

బస్సు వచ్చే వేళయింది. ఆ రోజు ఆయనకి పదకొండు కట్లు ఉన్నాయి.